ప్రతినాయకుని గుణవర్ణనము: శాస్త్రము, చలనచిత్రము

పోరాటప్రధానములైన చలనచిత్రములలో ప్రతినాయకుడు కేవల దుష్టుడుగా గాక, గుణములును వేదనయు గలవాడుగా కానవచ్చుచున్నాడు. ఇది నూతనమార్గమని కొందరు, అధర్మమునకు గౌరవ మిచ్చుటయని మరికొందరు తలంచుచున్నారు. ఈ రెండభిప్రాయములును విచారింపదగినవి.

ప్రతినాయకుడు లుబ్ధుడు, ధీరోద్ధతుడు, స్తబ్ధుడు, పాపకారి, వ్యసని యని దశరూపకమున ధనంజయుడు లక్షణము చెప్పినాడు. రామునకు రావణుడు, యుధిష్ఠిరునకు దుర్యోధనుడు అని వ్యాఖ్యాత ధనికుడు ఉదాహరించినాడు. ఇందు 'ధీర' శబ్దము గమనింపదగినది. ఔద్ధత్యము దోషమే, కాని దాని కాశ్రయము ధీరత్వము. పిరికివాడు ప్రతినాయకుడు కాజాలడు.

అట్లయిన శత్రువు గుణములను కవి ఎంతవరకు వర్ణింపవచ్చును? ఈ విషయమున ఆలంకారికులకు మతభేదము కలదు. మొదట ఒకని వంశవీర్యశ్రుతములను కీర్తించి, పిదప మరియొకని ఉత్కర్షకై వాని వధను చెప్పరాదని భామహుని మతము. శత్రువు వంశవీర్యశ్రుతములను వర్ణించి, అట్టివానిని జయించుటచేత నాయకుని ఉత్కర్షను చెప్పుటయు హృద్యమేయని దండి మతము.

చలనచిత్రములు ప్రాయికముగా దండి చూపిన త్రోవనే నడచినవి. 1975లో వెలువడిన హిందీచిత్రము 'షోలే'లో గబ్బర్ సింగు క్రౌర్యము ఎంత పెరిగిన, వాని నెదిరించువారి సాహసము అంత ప్రకాశించును. 1989 నాటి తెలుగుచిత్రము 'శివ'లో రఘువరన్ ధరించిన భవాని పాత్రకు అట్టహాసము లేదు. మితభాషణముచేతనే భయము పుట్టించును. రీతి మారినను ప్రయోజన మొక్కటే: శత్రువు బలము నాయకుని బలమునకు కొలబద్ద.

అయితే బలవర్ణనము వేరు, ధర్మసంకటము వేరు. 'షోలే' అంతమున ఠాకూరు గబ్బరును చంపుటయే మొదట చిత్రీకరింపబడినది; సెన్సారు అభ్యంతరముచే పోలీసుల కప్పగించుటగా మార్చబడినది. శిక్షించువారు మారిరి గాని, గబ్బరు మనస్సు మారలేదు.

భాసుని 'ఊరుభంగము'న తీర్పు దుర్యోధనుని హృదయముననే జరుగును. తొడలు విరిగి పడియున్నవాడు ప్రతీకారమునకై ఉద్రేకించిన అశ్వత్థామను వారించుచు, ద్రౌపదీకేశాకర్షణమును, బాలుడైన అభిమన్యుని వధను, జూదము నెపమున పాండవులను అడవికి పంపుటను తానే స్మరించి, వీనితో పోల్చిన తనకు వారు చేసినది స్వల్పమే యనును. పాండవులను తన్నువలె సేవింపుమని కుమారుడైన దుర్జయునకు చెప్పును. గదాయుద్ధమున తనకు జరిగినది అధర్మమైనను, దానిని తన పాపమునకు కప్పుగా వాడుకొనడు. అందుచేతనే సామాజికునకు వానియందు కరుణ కలుగును. కాని వాడు చేసినది సరియన్న బుద్ధి కలుగదు.

ఈ వివేకము నేటి చిత్రపరిశీలనమునకును ఉపకరించును. ప్రతినాయకునకు బాల్యమున జరిగిన అన్యాయమును చూపుట దోషము కాదు. అది వాని క్రోధమునకు హేతువును తెలుపును. కాని హేతువు సమర్థనము కాదు. తనకు జరిగినదానిని మాత్రమే చెప్పుకొను ప్రతినాయకుడు సానుభూతిని యాచించువాడు. తాను చేసినదానినిగూడ చూడగలవాడే కరుణకు నిజమైన పాత్రము. శిష్యులు చలనచిత్రమును గూర్చి ప్రశ్నించినప్పుడు అధ్యాపకులు ఈ భేదమును వివరించినచో, లక్షణగ్రంథములు పరీక్షలకొరకే కావని వారికి బోధపడగలదు.