పిల్లి రక్తంలో క్రొవ్వు – ఆహార నిర్ణయం

పిల్లికి పాలంటే ప్రాణమని అందరూ అంటారు. నిజానికి పిల్లి పులి, సింహాల కుటుంబానికి చెందిన జంతువు. దాని పండ్లు, పేగులు, కాలేయం మాంసాహారానికి తగినట్లు ఏర్పడినవి. మనుష్యుని రక్తంలో కొలెస్టెరాల్ హెచ్చినప్పుడు మాంసం, నేయి తగ్గించి కాయగూరలు ఎక్కువగా తినవలసిందని వైద్యులు చెబుతారు. పెంపుడు పిల్లికి కూడా ఈ సలహా వర్తిస్తుందా?

కొలెస్టెరాల్ చేసే పని

కొలెస్టెరాల్ విషం కాదు. జంతువుల శరీరంలోని ప్రతి జీవకణపు పొరలోనూ అది ఉన్నది. పైత్యరసంలోని ఆమ్లాలు, కొన్ని హార్మోనులు దానినుండే తయారవుతాయి. అది నీటిలో కరగదు కనుక మాంసకృత్తులతో కలిసి లైపోప్రోటీనులనే సూక్ష్మకణికల రూపంలో రక్తంలో ప్రయాణం చేస్తుంది. మనుష్యులలో దీనిని ఎక్కువగా మోసేవి అల్పసాంద్రత గల కణికలు. ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొనడానికి కారణం ఇవే. పిల్లి రక్తంలో అధికసాంద్రత గల కణికలే ఎక్కువ. అందువల్ల ధమనులు గట్టిపడే జబ్బు పిల్లులలో అరుదు.

అయితే పిల్లి రక్తంలో కొలెస్టెరాల్ హెచ్చినా భయం లేదనుకోరాదు. అది చాలాసార్లు మరొక జబ్బుకు గుర్తు. మధుమేహం, పైత్యనాళానికి అడ్డు కలగడం, మూత్రపిండాలు చెడి మాంసకృత్తులు మూత్రంలో పోవడం ఇందుకు ముఖ్యకారణాలు. కొన్ని మందులవల్ల కూడా ఇది హెచ్చవచ్చు. మూలకారణానికి చికిత్స చేయక ఆహారం ఒక్కటే మార్చినందువల్ల ప్రయోజనం లేదు. భోజనం చేసిన వెంటనే రక్తంలో క్రొవ్వు సహజంగానే పెరుగుతుంది. కనుక పశువైద్యులు సుమారు 12 గంటలు ఆహారం ఆపి, ఆ తరువాత రక్తం తీసి పరీక్షిస్తారు.

న్యూజీలాండు పిల్లులు

క్రొవ్వు తక్కువగల ఆహారమే ముఖ్యచికిత్స అయిన జబ్బు ఒకటి ఉన్నది. దీనిని 1983లో న్యూజీలాండులోని పశువైద్యులు వర్ణించారు. ఆ పిల్లుల రక్తాన్ని కొంతసేపు నిలవ ఉంచితే పైభాగాన మీగడవలె క్రొవ్వు తేలింది. చర్మం క్రింద క్రొవ్వు కంతులు ఏర్పడినవి. కొన్నింటిలో ఈ కంతులు నరాలను నొక్కివేయగా కాళ్లు చచ్చుబడినవి.

దీనికి కారణం వంశపారంపర్యం. భోజనంలోని క్రొవ్వు పేగులనుండి చిన్న బిందువులుగా రక్తంలో చేరుతుంది. లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము వాటిని విడగొట్టి కండరాలకు, ఇతర కణాలకు అందజేస్తుంది. జబ్బుపడిన పిల్లులలో ఈ ఎంజైము పనిచేయదు. దానిని నిర్మించే జన్యువులోనే లోపం ఉన్నదని 1996లో తేలింది. తల్లినుండి, తండ్రినుండి కూడా లోపంగల జన్యువు వచ్చిన పిల్లకే ఈ జబ్బు వస్తుంది. ఇట్టి పిల్లులకు క్రొవ్వు తగ్గించిన ఆహారం పెట్టగా రక్తం తేటపడి, నరాల బలహీనత క్రమంగా తగ్గింది.

తగ్గించవచ్చును, తీసివేయరాదు

క్రొవ్వు తగ్గించడమంటే మాంసం మాన్పించడం కాదు. అరాకిడోనిక్ ఆమ్లం అనే క్రొవ్వు ఆమ్లాన్ని మనుష్యుని శరీరం నూనెలలోని లినోలిక్ ఆమ్లంనుండి తయారు చేసుకోగలదు. పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. కనుక అది జంతువుల క్రొవ్వునుండే లభించాలి. క్యారెట్టులోని పసుపురంగు పదార్థాన్ని ఎ విటమినుగా మార్చుకోవడం కూడా పిల్లికి చేతకాదు.

టారిన్ సంగతి ఇంకా ముఖ్యం. ఇది మాంసంలో, చేపలలో ఉండే పదార్థం. పిల్లి తన పైత్య ఆమ్లాలను టారిన్‌తోనే కలుపుకొంటుంది. దీనికి బదులు మరొకటి వాడుకోలేదు. టారిన్ లోపిస్తే పిల్లి కంటిలోని నేత్రపటలం క్షీణిస్తుందని 1975లో శాస్త్రజ్ఞులు చూపారు. ఈ లోపంవల్ల గుండె కండరం బలహీనపడి గుండె ఉబ్బుతుందనీ, టారిన్ ఇస్తే తిరిగి కోలుకొంటుందనీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ కేంద్రంలోని పరిశోధకులు 1987లో ప్రకటించారు. కొలెస్టెరాల్‌కు భయపడి పిల్లిని పెరుగన్నం, కాయగూరల మీద ఉంచితే, లేని గుండెజబ్బును కొనితెచ్చినట్లే.

డబ్బామీది లెక్క

పిల్లి ఆహారపు డబ్బామీద క్రొవ్వు శాతం అచ్చువేసి ఉంటుంది. నీరు కలిసిన అంకె కనుక అది చూచి మోసపోరాదు. ఒక తడి ఆహారంలో నీరు 78 శాతం, క్రొవ్వు 5 శాతం అనుకొందాం. నీరు పోగా మిగిలిన పొడిపదార్థం 22 పాళ్లు. అందులో 5 పాళ్లు, అనగా సుమారు 23 శాతం, క్రొవ్వే. మరొక పొడి ఆహారంలో నీరు 10, క్రొవ్వు 12 శాతం. పొడిపదార్థంలో క్రొవ్వు 12/90, అనగా సుమారు 13 శాతమే. చూపునకు తక్కువగా కనబడిన మొదటిదే ఎక్కువ క్రొవ్వు గలది.

గేదెపాలలో నీరు సుమారు 83, క్రొవ్వు 7 శాతం. పొడిపదార్థంలో క్రొవ్వు 7/17, అనగా 41 శాతం! పాలు పిల్లికి తేలిక ఆహారమనుకొనడం ఎంత పొరపాటో దీనినిబట్టి తెలుస్తుంది. పైగా ఎదిగిన పిల్లులలో అనేకం పాలలోని చక్కెరను సరిగా జీర్ణం చేసుకోలేవు.

అమెరికాలోని దాణా నియంత్రణాధికారుల సంఘపు ప్రమాణం ప్రకారం ఎదిగిన పిల్లి ఆహారపు పొడిపదార్థంలో మాంసకృత్తులు 26 శాతానికి, క్రొవ్వు 9 శాతానికి తగ్గరాదు. ఈ హద్దుకు లోబడి, మాంసకృత్తులు సమృద్ధిగా ఉండి, టారిన్ కలిపిన ఆహారాన్ని వైద్యుని సలహాతో ఎంచుకోవాలి. చర్మం తీసి ఉడికించిన కోడి రొమ్ముమాంసంలో క్రొవ్వు తక్కువే. కాని అందులో సున్నపుధాతువు చాలదు కనుక దానినొక్కదానినే చాలాకాలం పెట్టరాదు.

మార్పు మెల్లగా

క్రొత్త ఆహారాన్ని పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ 7 నుండి 10 రోజులలో పూర్తిగా మార్చాలి. ఆకలైతే అదే తింటుందని పస్తుంచడం ప్రమాదకరం. లావైన పిల్లి కొన్నిరోజులు తినకపోతే ఒంటిలోని క్రొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దానిని ఖర్చు చేయలేక క్రొవ్వుతో నిండిపోతుంది. వెంటనే చికిత్స జరగకుంటే ప్రాణానికే ముప్పు. కనుక పిల్లి క్రొత్త ఆహారం ముట్టనప్పుడు పాతదే పెట్టి, వైద్యునికి చూపాలి. కొన్ని వారాల తరువాత మరల రక్తపరీక్ష చేయిస్తే ఆహారం పనిచేసినదీ లేనిదీ తెలుస్తుంది.