కడలి కడుపులో 60 మీటర్ల అల

మన ఒంటిమిట్టకు ఉత్తరంగా పారే పెన్న నది సోమశిల దాటి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మనకు ఆ తీరం నేరుగా లెక్కేస్తే సుమారు 120 కిలోమీటర్లు. ఒడ్డున నిలబడితే కనిపించేవి పైపై అలలే. వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవి నీటి లోపల లేస్తుంటాయి. పైనున్న తేలిక నీరు, కిందున్న బరువు నీరు కలిసే హద్దు మీద పుట్టే వీటిని అంతర్గత తరంగాలు అంటారు.

ఒకే సముద్రంలో నీటికీ నీటికీ బరువు తేడా ఎందుకు? గంగ, ఐరావతి, గోదావరి పోసే మంచినీళ్లు, వానలు కలిసి పై నీటిలో ఉప్పును పలచన చేస్తాయి. ఇందులో మన పెన్న వాటా చాలా తక్కువ. దీనికి ఎండ వేడి తోడవుతుంది: పైన 28 డిగ్రీలుంటే 200 మీటర్ల లోతున 15 దరిదాపుల్లో ఉంటుంది. మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకును పై నీటితో నింపితే ఆ నీరు సుమారు 1,020 కిలోలు తూగుతుంది. ఆ లోతు నీటితో నింపితే 1,026.

ఇంత చిన్న తేడాతో అంత పెద్ద అల ఎలా? ఉపరితలం మీది అల గాలిలోకి లేస్తుంది. వెయ్యి లీటర్ల గాలి బరువు కిలోంబావు కూడా ఉండదు కాబట్టి, లేచిన నీటిని దాని పూర్తి బరువే కిందికి లాగేస్తుంది. లోపల అలా కాదు. లేచిన నీటి చుట్టూ దాదాపు అంతే బరువున్న నీరుంటుంది. వెనక్కి లాగేది ఆ ఆరు కిలోల తేడా మాత్రమే. అందుకే కొద్దిపాటి తోపుకే ఎంతో ఎత్తు లేస్తుంది, తాపీగా దిగుతుంది. చమురు తవ్వే ఓడలకు వీటివల్ల ముప్పుందని అండమాన్ సముద్రంలో కొలిచి, ఓస్‌బోర్న్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1980లో ఫలితాలు ప్రచురించారు: ఎత్తు 60 మీటర్లు, అంటే ఇరవై అంతస్తుల భవనమంత! వేగం మాత్రం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లే. 4,000 మీటర్ల లోతు సముద్రంలో సునామీ 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది.

మరి తోసేదెవరు? ముఖ్యంగా ఆటుపోట్లు. 12 గంటల 25 నిమిషాలకోసారి వచ్చే పోటు, నీటి అడుగు గట్ల మీదుగా పొర్లుతూ తేలిక నీటికీ బరువు నీటికీ నడుమ హద్దును కదిలిస్తుంది.

అంత ఎత్తు లేచినా పైన మట్టం మారేది అడుగు లోపే. కంటికి ఆనేది నురగల చారలే. వాటిని ఉపగ్రహాలు ఫొటో తీస్తాయి.

మన తీరంలో ఈ చదువు కొత్తది కాదు. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖ దగ్గరి సముద్రంపై పరిశోధనకు బాట వేశారు. అంతర్గత తరంగాలు ఆయనకు ఇష్టమైన విషయం. జలాంతర్గాములున్న విశాఖకు ఇది అక్కరకొచ్చే చదువే. 2021 ఏప్రిల్‌లో బాలి దగ్గర 53 మందితో మునిగిన ఇండోనేసియా జలాంతర్గామిని ఇలాంటి అలే కిందికి లాగి ఉండొచ్చని అక్కడి నావికాదళ అధికారులు అన్నారు.

నెల్లూరు జిల్లా మైపాడు బీచ్‌లో స్నానానికి దిగేవాళ్లకు భయమా? అక్కర్లేదు. తీరానికి వచ్చేకొద్దీ లోతు తగ్గి, ఇవి నీటి అడుగునే విరిగిపోతాయి. విరిగేటప్పుడు అడుగునున్న పోషకాలను పైకి కలుపుతాయి. ఎండ తగిలే ఆ నీటిలో నాచు పెరుగుతుంది, దాన్ని ఆశ్రయించి చేపలు చేరతాయి.