వ్యూహకర్త, నాయకుడు: అమెరికా కళాశాలల ఫుట్‌బాల్

ఫుట్‌బాల్ అనగానే మనకు స్ఫురించు ఆట వేరు. అమెరికా విశ్వవిద్యాలయములలో ఆ పేరుతో ఆడు ఆట వేరు. అక్కడి బంతి గుండ్రనిది కాదు, రెండు చివరలును మొనతేలి యుండును. దానిని కాలితో తన్నుటకంటె చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు ఎక్కువ. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు మైదానములో నిలుతురు. బంతి చేతనున్న పక్షమువారు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు పోవలెను. పోగలిగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. లేనిచో బంతి ఎదుటివారిదగును. ఒక్కొక్క ప్రయత్నము ముగియగానే ఆట ఆగును. ఆ ఆగిన కొద్దిసేపటిలో, తరువాత ఎవరు ఎటు పరుగెత్తవలెనో, బంతి ఎవరికి అందవలెనో, ఎవరిని ఎవరు అడ్డగింపవలెనో నిర్ణయమైపోవలెను. చదరంగములో ఒక్కొక్క ఎత్తునకు పదునొకండు పావులు ఒక్కసారిగా కదలినట్లు ఊహించుకొనినచో ఈ ఆట స్వభావము కొంత బోధపడును.

శరదృతువులో శనివారము వచ్చినదనగా ఊరికి ఊరే కదలి స్టేడియమునకు పోవును. మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియములో లక్షకు పైగా జనము కూర్చుందురు. పైచదువులకు వెళ్ళిన మన పిల్లలు ఫోనులో ఇంటికి చెప్పు వింతలలో ఇదియు ఒకటి.

ఆ ఎత్తులు వేయువారిని కోఆర్డినేటరులందురు. దాడి పక్షమునకొకరు, రక్షణ పక్షమునకొకరు, బంతిని తన్ను సందర్భములకు మరియొకరు ఉందురు. వీరందరిపైని ప్రధాన శిక్షకుడు, అనగా హెడ్ కోచ్. ఒక హెడ్ కోచ్ జట్టును గెలిపింపలేకపోయినచో విశ్వవిద్యాలయమువారు ఆయనను తొలగించి, వేరొకచోట పేరుమ్రోగిన కోఆర్డినేటరును పిలిచి పీటవేయుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఈ ఆచారము కొన్నిచోట్ల బంగారము పండించినది. కొన్నిచోట్ల విత్తనపు గింజలకైన కరవు తెచ్చినది. రెండు చోట్లను పిలిచినది పేరుగల వ్యూహకర్తనే. మరి ఈ తేడా ఎందుచేత?

మొదట కోఆర్డినేటరు పని ఎట్టిదో చూతము. ఆయన ముందు ఒక వారము, ఒక ప్రత్యర్థి, కొన్ని గంటల చలనచిత్రములు ఉండును. మూడవ ప్రయత్నములో ఎదుటివారు ఎట్లు నిలుతురు, వారి ఎడమవైపు ఆటగాడు ఎంత వేగముగా తిరుగును, ఇట్టివి చూచి చూచి పథకము వ్రాసికొనును. శనివారము సాయంకాలమునకు ఫలితము తెలియును. పని కష్టమైనదే, కాని దానికి గట్టు ఉన్నది. ఆటగాండ్రు ముందే సమకూడియుందురు. దాతలను పలుకరించుట, పత్రికలవారికి సమాధానము చెప్పుట, చదువులో వెనుకబడిన కుర్రవానిని దారికి తెచ్చుట, కుమారుని ఆడించలేదని అలిగిన తల్లిదండ్రులను సముదాయించుట, ఇవన్నియు మరియొకరి నెత్తిమీద ఉండును. కోఆర్డినేటరు ఒకరు కట్టిన ఇంటిలో తన గది చక్కపెట్టుకొనువాడు. గది అందముగా నున్నదని మెచ్చువారు ఇల్లెవరు కట్టిరని అడుగుట అరుదు.

కావున గొప్ప కోఆర్డినేటరును హెడ్ కోచ్‌గా పిలుచుట, పెండ్లిలో పులిహోర అద్భుతముగా చేసిన వంటవానికి పెండ్లి పెత్తనమంతయు అప్పగించుట వంటిది. ఆయన ఆ పెత్తనమునకును సమర్థుడు కావచ్చును. కాని వియ్యపురాలి అలుక తీర్చుట గాడిపొయ్యి దగ్గర నేర్చు విద్య కాదు.

చార్లీ వైస్ చరిత్ర దీనికి తార్కాణము. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అను వృత్తి జట్టులో దాడి పక్షమునకు కోఆర్డినేటరుగా ఆయన మూడు సూపర్ బౌల్ విజయములలో పాలుపంచుకొనెను. 2004 చివరలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయము ఆయనను హెడ్ కోచ్‌గా పిలిచినది. వ్యూహములో తమదే పైచేయి యగునని ఆయన మొదటి దినములలోనే జట్టుతో చెప్పినాడు. మొదటి సంవత్సరము తొమ్మిది ఆటలు గెలిచిరి. ఆ సంవత్సరము పూర్తి కాకమునుపే విశ్వవిద్యాలయమువారు ఆయనతో పదేండ్ల కొత్త ఒడంబడిక వ్రాసికొనిరి. అయితే ఆ గెలిచిన ఆటగాండ్రలో ముఖ్యులు అంతకు ముందున్న కోచ్ తెచ్చినవారు. వారు పట్టములు పుచ్చుకొని వెళ్ళిపోయిన తరువాత, 2007లో గెలుపులు మూడు, ఓటములు తొమ్మిది. పథకములు వెనుకటివలెనే చమత్కారముగా నుండెను. వానిని నిలబెట్టు మూడవ ఏటి, నాలుగవ ఏటి బలిష్ఠులే తక్కువైరి. 2009లో ఆయనను తొలగించిరి. ఒడంబడిక ప్రకారము తరువాత చాలకాలము సొమ్ము చెల్లించుచునే యుండిరి. పిమ్మట కాన్సస్ విశ్వవిద్యాలయములో ఆయన ఆరు ఆటలు గెలిచి ఇరువదిరెండు ఓడెను. నార్మ్ చౌ కథయు ఇట్టిదే. దాడి వ్యూహములలో అందరును గురువుగా తలచిన ఆయన హవాయి జట్టుకు నాయకుడై పది గెలిచి ముప్పదియారు ఓడెను.

వీరికి తెలివి లేదందుమా? అనలేము. కోఆర్డినేటరు తనకు తెలిసిన పనిని తాను చేయును. హెడ్ కోచ్ అయినవాడు తనకు తెలియని పనికి కూడ తగిన మనిషిని ఎన్నుకొనవలెను. రెండవ దానిని మేము కష్టతరమైన పనిగా ఎంచుచున్నాము. తనకు తెలిసిన విద్యలో తప్పొప్పులు కంటికి తగులును. తెలియని విద్యలో ఎదుటివాని మాట తీరు మాత్రమే వినబడును.

ఈ తేడాను చక్కగా చూపునట్టి జంట ఒకటి గలదు. విల్ మస్‌చాంప్, కిర్బీ స్మార్ట్ ఇద్దరును జార్జియా విశ్వవిద్యాలయమున రక్షణ పక్షములో ఆడినవారు. ఇద్దరును వాల్డోస్టా స్టేట్ అను చిన్న జట్టులో ఒక్కచోట పనిచేసిరి. ఇద్దరును నిక్ సేబన్ క్రింద రక్షణ కోఆర్డినేటరులుగా పేరు గడించిరి. మస్‌చాంప్ 2011లో ఫ్లోరిడాకు హెడ్ కోచ్ అయ్యెను. ఆయన రక్షణ పక్షము గట్టిది. దాడి పక్షము మాత్రము కుదురుకొనలేదు. నాలుగేండ్లలో ముగ్గురు దాడి కోఆర్డినేటరులు మారిరి. వారిలో మొదటివారు పైన చెప్పిన వైస్‌గారే! మస్‌చాంప్ అక్కడ ఇరువదియెనిమిది గెలిచి, ఇరువదియొకటి ఓడి, 2014లో పదవి కోల్పోయెను.

స్మార్ట్ తొందరపడలేదు. అలబామాలో సేబన్ దగ్గర తొమ్మిది సీజనులు ఉండి 2016లో జార్జియాకు వచ్చెను. దాడి పక్షమును 2020లో టాడ్ మంకెన్ అను అనుభవజ్ఞునికి అప్పగించెను. 2021 సీజనులో జార్జియా జాతీయ విజేత అయినది. ఆ వెంటనే రక్షణ కోఆర్డినేటరు డాన్ లానింగ్ ఆరెగాన్ జట్టుకు హెడ్ కోచ్‌గా వెళ్ళిపోయెను. అయినను మరుసటి సీజనులోను జార్జియాయే గెలిచినది. ఒక్క మనిషి వెళ్ళినంతమాత్రమున ఇల్లు కూలలేదు. ఆ రెండు విజయములలోను స్మార్ట్ దగ్గర సహాయకుడుగా మస్‌చాంప్ ఉండుట గమనింపదగినది. అతని విద్య ఎక్కడికిని పోలేదు. దానికి తగిన చోటు దొరికినది.

ఇక కోఆర్డినేటరు పదవి ఎన్నడును చేయనివాడు హెడ్ కోచ్ అయినచో? క్లెమ్సన్‌లో అట్లే జరిగినది. 2008లో సీజను నడుమ హెడ్ కోచ్ తప్పుకొనగా, బంతిని అందుకొనువారికి శిక్షణ నిచ్చు డాబో స్విన్నీకి జట్టు అప్పగించిరి. 2010లో ఆయన గెలిచినవాటికంటె ఓడినవే ఎక్కువ. అప్పుడు ఆయన, కొద్దికాలము క్రితము వరకు ఉన్నత పాఠశాల జట్లకు శిక్షకుడుగా నుండిన చాడ్ మారిస్‌ను దాడి కోఆర్డినేటరుగా తెచ్చెను. 2012 జనవరిలో ఆరెంజ్ బౌల్ ఆటలో ఎదుటివారు క్లెమ్సన్‌పై డెబ్బది పాయింట్లు చేసిరి. స్విన్నీ రక్షణ కోఆర్డినేటరును మార్చి బ్రెంట్ వెనబుల్స్‌ను పిలిచెను. 2016, 2018 సీజనులలో క్లెమ్సన్ జాతీయ విజేత. తాను వేయలేని ఎత్తులను వేయగలవారిని గుర్తించుటయే అక్కడ ఆయన నేర్పు.

ఆ నేర్పు ఒకసారి చూపినంత మాత్రమున చాలదు. ఎడ్ ఓర్జెరాన్ మిసిసిపీ విశ్వవిద్యాలయములో పది గెలిచి, ఇరువదియైదు ఓడి వెళ్ళగొట్టబడెను. తరువాత లూయిసియానా స్టేట్ జట్టుకు నాయకుడై, జో బ్రేడీ అను యువకుని దాడి పక్షమునకు తోడు తెచ్చి, 2019లో పదునైదు ఆటలకు పదునైదును గెలిచెను. ఆ సీజను ముగియగానే బ్రేడీ వెళ్ళెను, రక్షణ కోఆర్డినేటరు డేవ్ అరాండాయు వెళ్ళెను. వారి స్థానములు సరిగా నిండలేదు. మరి రెండు సీజనులతో ఓర్జెరాన్ పదవియు ముగిసినది.

అయితే ఎత్తులు వేయుట పూర్తిగా మానుకొనినవాడే మంచి హెడ్ కోచ్ అని మేము చెప్పబోము. నెబ్రాస్కాలో టామ్ ఆస్బర్న్ కోఆర్డినేటరుగా నుండి 1973లో హెడ్ కోచ్ అయి, దాడి పథకములను తన చేతనే ఉంచుకొని, ఇరువదియైదు సంవత్సరములలో 255 ఆటలు గెలిచెను. కాని రక్షణ పక్షమును చార్లీ మక్‌బ్రైడ్‌కు అప్పగించి దీర్ఘకాలము కదలించలేదు. ఓక్లహోమాకు హెడ్ కోచ్‌గా వెళ్ళిన వెనబుల్స్ మొదటి ఏట ఆరు గెలిచి ఏడు ఓడెను. 2025లో రక్షణ ఎత్తులను మరల తానే వేయ మొదలిడగా జట్టు పది గెలిచినది. చేతిలో ఒక పనిని ఉంచుకొనుట దోషము కాదు. దానికొఱకు తక్కిన ఇల్లంతయు చూడకుండుట దోషము.

ఎన్నిక తప్పినచో నష్టము ఆటతో పోదు. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయము 2023లో జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు ఆయనకు ఒడంబడిక ప్రకారము ఈయవలసివచ్చినది ఏడున్నర కోట్ల డాలర్లకు పైమాట. ఆట ఆడించవద్దని ఇచ్చు సొమ్ము ఇది! హెడ్ కోచ్‌తోబాటు పదిమందికి పైగా సహాయకులు కుటుంబములతో ఊరు మారవలసివచ్చును. పదునెనిమిదేండ్ల కుర్రవాడు ఒక శిక్షకుని మాట నమ్మి కళాశాలను ఎన్నుకొనును. ఏడాది తిరుగకమునుపే ఆ శిక్షకుడు అక్కడ ఉండడు. 2021 నుండి ఒక ఏడు ఆట మానకయే కళాశాల మారు వెసులుబాటు ఆటగాండ్రకు కలిగినది. కాని చదువు నడుమ ఊరు మారుట ఎంత సుళువో ఇంటిలో విద్యార్థులున్నవారికి మేము చెప్పనక్కరలేదు.

1996 నుండి దేశములోని ఉత్తమ సహాయక శిక్షకునికి ఫ్రాంక్ బ్రాయిల్స్ పేర ఒక బహుమానము ఇచ్చుచున్నారు. బ్రాయిల్స్ 1958 మొదలు 1976 వరకు ఆర్కన్సా జట్టుకు హెడ్ కోచ్. జిమ్మీ జాన్సన్, బారీ స్విట్జర్, జో గిబ్స్ ఆయన దగ్గర పనిచేసి, తరువాత తామును ప్రసిద్ధులైన నాయకులైరి. సహాయకుల బహుమానమునకు ఒక హెడ్ కోచ్ పేరు పెట్టుట మాకు ఎంతో సమంజసముగా తోచినది.

2006లో ఆ బహుమానము పొందిన బడ్ ఫాస్టర్ వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయములో 1995 నుండి 2019 వరకు రక్షణ కోఆర్డినేటరుగా నుండెను. ఎన్నడును హెడ్ కోచ్ కాలేదు. ఆయన నాటినుండి ఆ జట్టు రక్షణ పక్షమువారికి ఒక ఆచారమున్నది. గని కార్మికులు పనికి తీసికొనిపోవునట్టి సొట్టలు పడిన అన్నపు డబ్బా నొకదానిని ఆటకాటకు వెంట కొనిపోవుదురు. దానిని మోయు ఆటగాడుగా ఎన్నికగుట అక్కడ పెద్ద గౌరవము.