గుండెకు కండబలం ఎందుకు?

స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన పెద్దాయనకు మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట, "ఇక మీరు మంచం దిగొద్దు". ప్రేమతో అనే మాటే, కానీ కీడు చేసే మాట.

అపోహ: గుండె జబ్బుకు విశ్రాంతే మందు.

వాస్తవం: ఒకప్పుడు డాక్టర్లూ ఇదే నమ్మారు. గుండెపోటు వచ్చినవాళ్లను వారాల తరబడి కదలనిచ్చేవారు కాదు. 1950ల తొలినాళ్లలో బోస్టన్‌లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ రోగులను లేపి కుర్చీలో కూర్చోబెడితే ఆసుపత్రి సిబ్బందే అడ్డుచెప్పారు. రోగులు మాత్రం తొందరగా తేరుకున్నారు.

మంచం చేసే నష్టమెంతో 1966లో డాలస్‌లో తేలింది. 20 ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులను మూడు వారాలు పడుకోబెట్టారు. గట్టిగా శ్రమించినప్పుడు ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయోభారం కంటే ఆ మూడు వారాల పడకే వాళ్లను ఎక్కువ దెబ్బతీసిందని తేలింది! అందుకే డిశ్చార్జి అయ్యేటప్పుడు మందుల చీటీతో పాటు ఏ రోజు నుంచి ఎంత నడవాలో కూడా డాక్టరు చేత రాయించుకోవాలి. అడగకపోతే చాలామంది చెప్పరు.

అపోహ: గుండెకు నడక చాలు, కండలు కుర్రాళ్ల సరదా.

వాస్తవం: వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానికి తోడు రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మొదటి సగం మన పార్కుల్లో, కబుర్లతో కలిపి, బాగానే నడుస్తోంది. రెండో సగం ఊసే లేదు. భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటాను తీసుకునేది కండరాలే. అవి తగ్గితే షుగరు ముప్పు పెరుగుతుంది, షుగరు వెంట గుండె జబ్బు ముప్పూ వస్తుంది. "నేను సన్నగానే ఉన్నాగా" అనే ధీమా కూడా పనికిరాదు. సన్నగా కనిపించే భారతీయుల్లోనూ కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉంటాయని పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏనాడో చూపించారు.

అపోహ: పిడికిలి బలం పెంచుకుంటే గుండెపోటు రాదు.

వాస్తవం: ఇది సగం విని అల్లుకున్న నమ్మకం. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1.4 లక్షల మందిని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. పిడికిలి పట్టు 5 కిలోలు తగ్గేకొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువగా కనిపించింది. ఎవరికి ముప్పుందో పసిగట్టడంలో బీపీలోని పై అంకె కంటే పిడికిలే మెరుగైంది. అయితే పిడికిలి థర్మామీటరు లాంటిది, ఒంటి మొత్తం కండబలాన్ని చూపిస్తుందంతే. టీవీ చూస్తూ స్ప్రింగు గ్రిప్పర్ నొక్కితే ముంజేయి గట్టిపడుతుంది. గుండెకు ఒరిగేది పెద్దగా ఉండదు. తొడలు, పిరుదులు, వీపు, ఛాతీ, ఈ పెద్ద కండరాలు పనిచేయాలి.

అపోహ: పొద్దున్నే నడిచేశాం కాబట్టి రోజంతా కూర్చున్నా ఫర్వాలేదు.

వాస్తవం: పది లక్షలకు పైగా జనం వివరాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో, రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవాళ్లలో, కూర్చోవడం వల్ల త్వరగా చనిపోయే ముప్పు పోయినట్టు కనిపించింది రోజూ 60 నుంచి 75 నిమిషాలు శ్రమించినవాళ్లకే. అరగంట నడకతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అపోహ: బరువులెత్తితే గుండె ఆగిపోతుంది.

వాస్తవం: 2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ కసరత్తు చేశాక గుండెపోటుతో మరణించడంతో ఈ భయం బాగా పాకింది. అలవాటు లేకుండా ఒక్కసారిగా మితిమీరి శ్రమించడం, బయటపడని గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదమే. కానీ పద్ధతిగా బరువులతో కసరత్తు చేసేవాళ్లలో గుండె జబ్బుల ముప్పు 17 శాతం దాకా తక్కువని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో ప్రకటించింది. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ అమాంతం లేస్తుంది, కాబట్టి ఎత్తేటప్పుడు గాలి వదలాలి. జిమ్ముకే వెళ్లాలని లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి పుషప్‌లు తీయడం మొదటి నెలకు సరిపోతాయి. బీపీ అదుపులో లేనివాళ్లు, నాలుగు మెట్లెక్కితే ఛాతీ పట్టేసేవాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి.