శస్త్రచికిత్సాలయపు వాకిట

గత సంవత్సరము నా భార్యకు రొమ్మున రాచపుండు, అనగా క్యాన్సరు, అని తేలినది. శస్త్రచికిత్స నాటి యుదయమున దాది వచ్చి మంగళసూత్రములు, మెట్టెలు తీయుమనెను. మా యత్తగారు ససేమిరా యనిరి. రక్తము నాపుటకు వైద్యులు విద్యుత్తుతో నడచు సాధనమును వాడుదురనియు, లోహమున్నచోట చర్మము కాలవచ్చుననియు ఆ దాది యోపికతో చెప్పెను. తుదకు నా భార్యయే సూత్రములు తీసి, మూటగట్టి నా చేత నుంచి, పసుపుత్రాడు మాత్రము మణికట్టునకు కట్టించుకొనెను.

రెండు గంటల పని యనిరి. నాలుగు గంటలు గడచెను. తలుపు తెరచినప్పుడెల్ల లేచి నిలుచుంటిని. ఆలస్యమనగా ఆపద యని తలచితిని. అది పొరపాటు. లోనికి గొనిపోయిన క్షణముననే కోత మొదలుకాదు. మత్తిచ్చుటకే కొంత కాలము పట్టును. పిదప చంకలోని గ్రంథులలో ఒకటి రెండింటిని తీసి పరీక్షకు పంపుదురు. అచట వానిని గడ్డకట్టించి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినితో చూతురు. తక్కిన గ్రంథులను తీయవలెనా వలదా యనునది దానినిబట్టియే నిర్ణయింతురు. అంతవరకు వైద్యుడును మనవలెనే వేచియుండును! పని ముగిసినను, తెలివి వచ్చువరకు వేరొక గదిలో నుంచుదురు. ఇదంతయు ముందే యెరిగియున్నచో, నేను మా పెద్దబావగారికి మూడుసార్లు ఫోను చేసి ఇల్లంతయు ఏడిపించియుండను.

మీ యింట నిట్టి దినము వచ్చినచో, లోన నెంతసేపు, అందు కోత యెంతసేపు, వార్త యెవరు చెప్పుదురని వైద్యుని ముందునాడే యడుగుడు. అడుగుట తప్పుకాదు.

చీకటిపడువేళ నన్ను లోనికి పిలిచిరి. ఆమె పెదవులు తడియారియుండెను. కన్నులు తెరువకయే, మూట యెక్కడ యని యడిగెను.