వీసా దొరికిన బొమ్మలు, ఉత్తరాలొచ్చే బొమ్మ

బొమ్మల కొలువు చూడ్డానికి వచ్చే పేరంటాళ్లు రెండు రకాలు. మెట్లు ఏడా, తొమ్మిదా అని లెక్కపెట్టుకునేవాళ్లు ఒక రకం. మూడో మెట్టు మీద ఓ మూల నిలబడ్డ ముక్కు విరిగిన పోలీసును చూసి ‘వీడెవడు పిన్నీ?’ అని అడిగేవాళ్లు రెండో రకం. మా ఇంట్లో ఆ పోలీసుకో చరిత్ర ఉంది. పట్టాభిషేకం సెట్టులో ఆంజనేయుడు పగిలిపోయిన ఏడు, ఆ ఖాళీ చూడలేక మా అమ్మమ్మ ఇతన్ని తెచ్చి అక్కడ నిలబెట్టింది. అప్పట్నుంచీ రాములవారికి కాపలా ఇతనే. మర్నాడే సంతలో కొత్త ఆంజనేయుడు దొరికాడు. అయినా పోలీసు డ్యూటీ దిగలేదు.

రికార్డు పుస్తకాలు రాసేవాళ్లు మొదటి రకం. ఈ బొమ్మల వింతలు రెండో రకం వాళ్ల కోసం ఏరినవి. అయినా అంకెలు లేకపోతే వింతలేమిటంటారు గనక, ముందు ఆ ముచ్చట తీర్చేద్దాం.

వరస తప్పిన జంట

బార్బీ బొమ్మలు అందరికన్నా ఎక్కువగా కూడబెట్టిన రికార్డు జర్మనీకి చెందిన బెట్టినా డార్ఫ్‌మన్‌ది. 1993లో మొదలుపెట్టి, 2011లో గిన్నిస్ వాళ్లు లెక్కించేనాటికి 15,000 బొమ్మలు పోగేశారు. రోజుకొక బొమ్మ దుమ్ము దులిపినా ఒక విడత పూర్తయ్యేసరికి నలభై ఒక్కేళ్లు పడుతుంది.

అంత మంది బార్బీలున్నా అసలు మనిషి ఒక్కతే. పూర్తి పేరు బార్బరా మిలిసెంట్ రాబర్ట్స్. సొంతూరు విస్కాన్సిన్ రాష్ట్రంలోని విల్లోస్, అట్లాసులో కనపడని ఊరు. 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల సంతలో లోకానికి పరిచయమైంది. కన్నతల్లి రూత్ హ్యాండ్లర్, తన కూతురు బార్బరా పేరే పెట్టింది. రూపం మాత్రం జర్మనీ నుంచి అరువు తెచ్చుకున్నది. అక్కడి ఒక పత్రికలో కార్టూన్ నాయిక లిల్లీ, కాస్త గడుసుపిల్ల. ఆమె పేరిట బొమ్మ చేసి పొగాకు దుకాణాల్లో మగవాళ్లకు వేళాకోళం వస్తువుగా అమ్మేవారు. చుట్టల కొట్లో కాపురమున్న ఆ బొమ్మ అమెరికాలో చిన్నపిల్లల గదిలోకి చేరింది.

1961లో బార్బీకి జతగా కెన్ వచ్చాడు. ఆ పేరు రూత్ కొడుకు కెన్నెత్‌ది. అంటే ఇంట్లో అక్కాతమ్ముళ్లు, దుకాణంలో ప్రేమజంట! వరసలు సరిచూడకుండా సంబంధం కలుపుకోని మనకు ఇది వినడానికే ఇబ్బంది. ఆ ఇద్దరు పిల్లలకూ ఎలా ఉండేదో మరి.

వజ్రం, ముడిచిన మూతి, తొమ్మిది పళ్లు

ఖరీదైన బార్బీ ఆస్ట్రేలియా నగల రూపశిల్పి స్టెఫానో కాంటూరి అలంకరించినది. మెళ్లో గులాబీ వజ్రం. 2010 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 3,02,500 డాలర్లు పలికింది. ఆ డబ్బు రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు వెళ్లింది. రూత్ హ్యాండ్లర్ 1970లో ఆ జబ్బుకే శస్త్రచికిత్స చేయించుకుని, తర్వాత తనలాంటి ఆడవాళ్ల కోసం కృత్రిమ రొమ్ములు తయారుచేసే కంపెనీ పెట్టింది. నాకు వజ్రం కన్నా ఈ సంగతే విలువైనదిగా తోస్తుంది.

బార్బీని పక్కనపెడితే, 2014 సెప్టెంబరులో లండన్‌లో ఒక జర్మన్ పింగాణీ బొమ్మను 2,42,500 పౌండ్లకు కొన్నారు. అది తయారైన రోజుల్లో పింగాణీ బొమ్మలన్నీ ఒకే తల్లి బిడ్డల్లా చిరునవ్వులు చిందించేవి. 1909 ప్రాంతంలో కెమ్మర్-రైన్‌హార్ట్ కంపెనీ నిజమైన పిల్లల ముఖాలను చూసి అచ్చులు పోయించింది. అలిగిన పిల్ల, మూతి ముడిచిన పిల్లాడు, ఏదో ఆలోచనలో పడ్డ పసివాడు... ఇలా. వాటిలో 108వ నంబరు అచ్చులోంచి వచ్చిందని తెలిసిన బొమ్మ ఇదొక్కటే.

ఇక మొన్నటి సంచలనం లబుబు. కాసింగ్ లంగ్ అనే చిత్రకారుడు హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగాడు. అక్కడ చదివిన ఉత్తర యూరప్ జానపద కథల ఊహలోంచి 2015లో తన బొమ్మల పుస్తకం కోసం ఈ కుందేలు చెవుల, తొమ్మిది పళ్ల అల్లరిదాన్ని గీశాడు. అవును, అది ఆడపిల్లే. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో 131 సెంటీమీటర్ల లబుబు పది లక్షల యువాన్లు దాటింది. బ్యాగులకు వేలాడదీసుకు తిరిగేవాళ్లలో ఎంతమంది ఆ పుస్తకం తిరగేశారో!

మనుషులు ఆగారు, బొమ్మలు వెళ్లాయి

ఈ పట్టీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇది. 1924లో అమెరికా ఒక చట్టం తెచ్చి జపాన్ నుంచి వలసలకు దారి మూసేసింది. రెండు దేశాల మధ్యా మాటలు ముదిరాయి. జపాన్‌లో ఏళ్ల తరబడి ఉండివచ్చిన సిడ్నీ గ్యులిక్ అనే మతబోధకుడికి ఒక ఆలోచన తట్టింది. పెద్దవాళ్లతో ఇక లాభం లేదు, పిల్లలతో మొదలుపెడదాం అనుకున్నాడు. జపాన్‌లో ఏటా మార్చి 3న ఆడపిల్లల కోసం ‘హినమత్సురి’ చేస్తారు. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద రాజు, రాణి, పరివారం, వాద్యగాళ్లు... అచ్చం మన కొలువే. ఆ పండుగకు అందేలా 1927లో అమెరికా పిల్లలు 12,739 బొమ్మలు పంపారు. బట్టలు తామే కుట్టారు, పేర్లు తామే పెట్టారు. ప్రతి బొమ్మ చేతిలో ఒక ఉత్తరం, ఒక పాస్‌పోర్టు. మనుషులకు మూసిన సముద్రం మీద బొమ్మలు వీసాతో ప్రయాణం కట్టాయి.

జపాన్ ఊరుకుంటుందా? ఇంటికొచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివెళ్లకూడదన్న మర్యాద మన దగ్గరే కాదు, అక్కడా ఉంది. బడిపిల్లలు తలా ఒక కాసు వేసి పోగుచేసిన డబ్బుతో పేరున్న బొమ్మల కళాకారులు 58 బొమ్మలు చేశారు. ఒక్కొక్కటీ దాదాపు రెండేళ్ల పిల్లంత ఎత్తు. పట్టు కిమోనోలు, బుల్లి టీ సామాను, పెట్టెలు, గొడుగులతో మిస్ నాగసాకి, మిస్ కగావా అంటూ ఊళ్ల, ప్రాంతాల పేర్లతో ఓడెక్కాయి. అదే ఏడాది శీతకాలం నాటికి అమెరికా చేరాయి.

తర్వాత యుద్ధం. నీలికళ్ల బొమ్మలు శత్రువుల బొమ్మలైపోయాయి. బడి ఆవరణల్లో వాటిని తగలబెట్టించారు, వెదురు ఈటెలతో పొడిపించారు. అయితే కొందరు టీచర్లు, ఎవరికీ చెప్పకుండా, బొమ్మను గుడ్డలో చుట్టి అటకమీదో, గోడ వెనకో దాచిపెట్టారు. దొరికితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. యుద్ధమయ్యాక చాలా ఏళ్లకు అవి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పన్నెండు వేల పైచిలుకులో మిగిలినవి మూడొందల చిల్లర. గిన్నిస్‌లో చోటు అడగాల్సింది ఆ టీచర్ల కోసం.

అతి తొందరగా ఇంటికి తిరిగొచ్చినవి

1890లో థామస్ ఎడిసన్ మాట్లాడే బొమ్మలు అమ్మాడు. పొట్టలో బుల్లి ఫోనోగ్రాఫ్, వీపున తిప్పే పిడి. రికార్డుకు నకలు తీసే పద్ధతి ఇంకా కుదరలేదు గనక, ఫ్యాక్టరీలో అమ్మాయిల్ని కూర్చోబెట్టి ప్రతి బొమ్మకూ విడివిడిగా పాట చెప్పించారు. బట్టల్లేకుండానే పది డాలర్లు. గొంతు కీచుమంటూ పిల్లల్ని భయపెట్టింది. మైనపు రికార్డు త్వరగా అరిగిపోయింది. కొద్ది వారాల్లోనే సరుకంతా వెనక్కి తీసుకున్నారు. ఈ మధ్య సూది మోపకుండా కాంతితో గాళ్లను చదివే యంత్రంతో ఆ అమ్మాయిల గొంతులు మళ్లీ వినగలిగారు. వాళ్ల పేర్లు మాత్రం ఏ గాడిలోనూ లేవు.

ఎడిసన్ పేరిట న్యూజెర్సీలో ఉన్న ఊరు మనవాళ్లకు కొత్తకాదు, ఇడ్లీ కొట్లు, గుళ్లు అన్నీ ఉన్నాయి. ఆ ఊరు చుట్టూ కమ్ముకుని ఉంటే, మధ్యలో చిన్న పట్టణం మెటుచెన్. అమెరికన్ గర్ల్ కంపెనీ 2023 సంవత్సరపు బొమ్మగా తెచ్చిన కవి శర్మ ఆ పట్టణం పిల్లే. 1986లో ఆ కంపెనీ మొదలైన పద్ధతే అది: ఒక్కో బొమ్మకూ ఒక పుస్తకం, ఒక కాలం, ఒక కుటుంబం. కవికి బాలీవుడ్ డాన్సులు, బ్రాడ్‌వే నాటకాలు రెండూ పిచ్చి. ప్రవాసంలో పెరిగే మన పిల్లలు ఆ సంవత్సరపు బొమ్మలో తమ రంగు ముఖం చూసుకోవడానికి అంతకాలం పట్టింది.

పెళ్లిదాకా రాని బొమ్మ

1889లో రోమ్‌లో న్యాయస్థాన భవనానికి పునాదులు తవ్వుతుంటే ఒక రాతి శవపేటిక బయటపడింది. లోపలికి నీరు చేరి ఉంది. మూత తీయగానే పుర్రెమీద నీటినాచు కురుల్లా తేలుతుంటే, జనం జుట్టు పాడవని శవం దొరికిందని ఎగబడ్డారట. పేటిక మీద పేరు క్రెపెరేయా ట్రిఫేనా, రెండో శతాబ్దపు అమ్మాయి. పక్కన దంతపు బొమ్మ. మోకాళ్లు, మోచేతులు కదులుతాయి, జుట్టు ఆనాటి రాణి ఫాస్టీనా ఫ్యాషన్‌లో చుట్టి ఉంది. బొమ్మకంటూ నగలు పెట్టుకునే చిన్న పెట్టె కూడా.

పెళ్లికి ముందు రోమన్ ఆడపిల్లలు తమ బొమ్మల్ని దేవతకు సమర్పించేవారు. ఈ అమ్మాయి బొమ్మ ఆమెతోనే ఉండిపోయింది, అంటే ఆ ముహూర్తం రాలేదన్నమాట. ఏ శాసనమూ చెప్పని మాటను బొమ్మ చెప్పింది. అన్నట్టు మన తిరుపతి ఎర్రచందనపు రాజారాణి బొమ్మలు పెళ్లితోపాటే అత్తారింటికి ప్రయాణం కడతాయి. అక్కడ వదిలేసేవి, ఇక్కడ వెంట వచ్చేవి.

అడిగి ఉంచేసుకున్న బహుమతి

ఢిల్లీలోని శంకర్స్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఒక్క బొమ్మతో మొదలైంది. కార్టూనిస్టు శంకర్ నడిపే పిల్లల పోటీలో బహుమతిగా ఇమ్మని హంగరీ రాయబారి ఒక బొమ్మను నెహ్రూ చేతికిచ్చాడు. శంకర్‌కు అది ఎంత నచ్చిందంటే, పిల్లలకు ఇవ్వాల్సినదాన్ని తానే అడిగి ఉంచేసుకున్నాడు. తర్వాత ఏ దేశం వెళ్లినా ఒక బొమ్మ సంచిలో పడాల్సిందే. 1965 నవంబరు 30న మ్యూజియం తెరిచారు. ఇప్పుడు దాదాపు 85 దేశాల బొమ్మలు ఆరువేలకు పైగా ఉన్నాయి. పక్కనే ఉన్న పనిశాలలో మన దేశపు వేషధారణల బొమ్మలు తయారవుతాయి, విదేశాలతో మార్పిడికి. ఆ మొదటి బొమ్మ ఏ పిల్లకు దక్కాల్సిందో గానీ, ఆమె పోగొట్టుకున్నదానికి ఊరంతా లాభపడింది.

క్షమాపణలు అందుకునే బొమ్మ

అమెరికాలో కీ వెస్ట్ అనే దీవి ఊళ్లో రాబర్ట్ అనే బొమ్మ ఉంది. నావికుడి దుస్తులు, ఒళ్లో బొమ్మకుక్క. 1904 ప్రాంతంలో యజమాని పిల్లవాడు ఏది పగలగొట్టినా ‘నేను కాదు, రాబర్ట్’ అనేవాడట. ఆ నెపం అలా పెరిగి పెద్దదై, ఇప్పుడు మ్యూజియంలో అడక్కుండా ఫొటో తీస్తే కీడు జరుగుతుందన్న నమ్మకం దాకా వచ్చింది. కాలు విరిగినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు ‘క్షమించు రాబర్ట్’ అని ఉత్తరాలు రాస్తారు. గోడల నిండా అవే.

రష్యా మత్రియోష్కాలకు ఏ శాపమూ లేదు గానీ, లోపల లోపల ఒదిగే రికార్డు ఉంది. 2003లో 51 బొమ్మల సెట్టు, అతి చిన్నది 3 మిల్లీమీటర్లు. పని మొదలయ్యేది ఆ చిన్నదానితోనే, తల్లి చివర్న పుడుతుంది.

బంగారక్క ఎందుకు పోట్లాడుతుంది?

మన దేశపు తోలుబొమ్మల్లో ఎత్తయినవి ఆంధ్రవి, మనిషంతవి కూడా ఉంటాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాముడు, రావణుడు ఎంత గంభీరంగా నడిచినా, జనం నిద్రమత్తు వదలగొట్టేది కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్కే. వాల్మీకిలో లేని ఈ ముగ్గురూ యుద్ధం మధ్యలో జొరబడి మొగుడూపెళ్లాల తగువులు పెట్టుకుంటారు, ఊరి పెద్దమనిషికి నాలుగు తగిలిస్తారు. పగలు అనడానికి భయపడే మాట రాత్రి తెరవెనక నుంచి బంగారక్క అనేస్తుంది.

కొండపల్లి వాళ్లు పేరులేని మనుషుల్ని చెక్కుతారు. తాటిచెట్టెక్కే గీతగాడు, చల్ల చిలికే ఇల్లాలు, ఎడ్లబండి తోలే రైతు. తెల్లపొణికి చెక్కలో చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. దగ్గరగా చూస్తే గీతగాడి మొలకు ముంత కూడా కట్టి ఉంటుంది. ఆ ముంత లేకపోతే అతను ఉత్త చెట్టెక్కే మనిషి.

బడిలో హాజరు

మళ్లీ జపాన్‌కే వస్తే, షికోకు దీవిలో నగోరో అనే కొండ పల్లె ఉంది. అయానో త్సుకిమి అనే ఆమె ఒసాకా నుంచి తండ్రిని చూసుకోవడానికి తిరిగొచ్చింది. విత్తనాలు పక్షులు తినేస్తుంటే తండ్రి పోలికలతో దిష్టిబొమ్మ చేసి చేలో పెట్టింది. దారినపోయేవాళ్లు ఆయనే అనుకుని పలకరించేవారు. తర్వాత ఊళ్లో ఎవరు చనిపోయినా, ఎవరు వలసపోయినా వాళ్ల బొమ్మ ఒకటి. బస్సు కోసం ఒకడు, ఏటిగట్టున గాలంతో ఒకడు. మనుషులు ముప్పై లోపు, బొమ్మలు మూడొందల పైన. 2012లో చివరి ఇద్దరు పిల్లలు వెళ్లిపోవడంతో బడి మూతపడింది. ఇప్పుడు ఆ బెంచీల మీద బొమ్మ పిల్లలు, బోర్డు దగ్గర బొమ్మ టీచరు. బొమ్మలు ఎండకు, వానకు పాడైపోతాయి. ఆమె మళ్లీ కుడుతుంది.

మా ఇంట్లో కొలువు ఎత్తేసే రాత్రి ముందు ఒక బొమ్మను పడుకోబెట్టి, తర్వాతే మిగతావి పెట్టెలోకి పంపుతారు. పాత ధోవతి ముక్కలు చింపి ఒక్కొక్కర్నీ చుడతారు. పోలీసుకు మాత్రం గుడ్డ అక్కర్లేదు, విరగడానికి ముక్కెలాగూ లేదు. అందరికన్నా పైన అతన్నే పెట్టి మూత వేస్తారు.