వంతెనలపై వేగం, భారం నియంత్రణ: ప్రత్యామ్నాయ మార్గం, ముందస్తు ప్రచారంతోనే సత్ఫలితాలు

కృష్ణా, గోదావరి వంటి మహానదులను దాటే వాహనాలు కొద్దిపాటి వంతెనల మీదుగానే సాగవలసి ఉంటుంది. రోడ్డు దెబ్బతిన్నచోట పక్కనే తాత్కాలిక బాట వేసి రాకపోకలను కొనసాగించవచ్చు. పెద్ద నదిపై వంతెన దెబ్బతింటే అంతటి వెసులుబాటు ఉండదు. ధాన్యం లారీ మొదలుకొని రోగిని తరలించే అంబులెన్సు వరకు అన్నీ చుట్టుదారి పట్టవలసిందే. అందుకే వంతెన ముందు ఏర్పాటు చేసే వేగ పరిమితి, బరువు పరిమితి బోర్డులను వాహన చోదకులకు కలిగించే అసౌకర్యంగా కాక, ఆ మార్గం మనుగడకు రక్షణగా పరిగణించవలసి ఉంది. అయితే బోర్డు పెట్టినంత మాత్రాన నియంత్రణ అమలు కాదు. భారీ వాహనాలకు మరో దారి చూపడం, వంతెనకు ముందుగానే బరువు తనిఖీ చేయడం, ప్రజలకు సకాలంలో సమాచారం అందించడం కలిసినప్పుడే ఆంక్షలు ఫలిస్తాయి.

అతివేగమే ప్రధాన కారణం

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించగా 1,68,491 మంది మరణించారు. మృతులలో 71.2 శాతం మంది అతివేగం కారణంగా జరిగిన ప్రమాదాల్లోనే ప్రాణాలు కోల్పోయారు. మొత్తం మరణాలలో 36.2 శాతం జాతీయ రహదారులపై నమోదయ్యాయి.

వేగం పెరిగే కొద్దీ బ్రేకు వేసిన తర్వాత వాహనం ఆగేందుకు పట్టే దూరం అంతకు మించిన నిష్పత్తిలో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనంతో పోలిస్తే 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఆగడానికి సుమారు 1.8 రెట్ల దూరం కావాలి. రోడ్డు మీద ప్రమాదం తప్పించుకోవడానికి వాహనాన్ని పక్కకు దించే అవకాశమైనా ఉంటుంది. రెండు వైపులా పిట్టగోడలు ఉన్న వంతెనపై ఆ అవకాశం లేదు. ఈ కారణంగానే రహదారి కంటే వంతెనపై తక్కువ వేగాన్ని నిర్దేశించవలసిన అవసరం ఏర్పడుతోంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 118వ నిబంధన రవాణా వాహనాలకు వేగ నియంత్రణ పరికరాన్ని నిర్దేశించింది. దీని ప్రకారం సాధారణ రవాణా వాహనాల గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు కాగా, డంపర్లు, ట్యాంకర్లు, పాఠశాల బస్సులు, ప్రమాదకర సరకులు తీసుకువెళ్లే వాహనాలకు 60 కిలోమీటర్లు.

వంతెనపై అధిక భారం ప్రభావం

రహదారికి, వంతెనకు నష్టం కలిగించేది వాహనం మొత్తం బరువు మాత్రమే కాదు. ఒక్కొక్క ఇరుసుపై పడే బరువు కూడా. ఇరుసు బరువు పెరిగితే రోడ్డు పొరలకు కలిగే నష్టం సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1950వ దశకం చివర అమెరికాలో జరిపిన రోడ్డు పరీక్షలు తేల్చాయి. అంటే ఇరుసుపై 20 శాతం అదనపు బరువు పడితే నష్టం దాదాపు రెట్టింపవుతుంది. యజమానికి ఒక్క ట్రిప్పులో మిగిలే కిరాయి కంటే ప్రజాధనంతో చేయవలసిన మరమ్మతుల భారం ఎన్నో రెట్లు ఎక్కువ.

వంతెనల విషయంలో వాహనాల మధ్య ఎడం కూడా ముఖ్యమే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం 'క్లాస్ ఏ' కింద 55.4 టన్నుల వాహన శ్రేణిని పరిగణనలోకి తీసుకుని, ఒక శ్రేణికి మరో శ్రేణికి మధ్య కనీసం 18.5 మీటర్ల ఎడం ఉంటుందన్న లెక్కతో వంతెన రూపకల్పన జరుగుతుంది. అధిక లోడుతో ఉన్న లారీలు ట్రాఫిక్ స్తంభించి ఒకదాని వెనుక ఒకటి ఆనుకుని నిలిచిపోతే ఆ లెక్క తప్పుతుంది. వేగంగా వచ్చే భారీ వాహనం శ్లాబుల మధ్య ఉన్న జాయింట్లను దాటే సమయంలో దాని అసలు బరువు కంటే అధికమైన తాకిడిని కలిగిస్తుంది. అందువల్ల వంతెనపై వేగం తగ్గించడం, ఎడం పాటించడం, వాహనాలను నిలపకపోవడం అనే మూడు నియమాలూ ఒకే లక్ష్యం కోసం ఉద్దేశించినవి.

చట్టం కల్పించిన అధికారాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 112వ సెక్షన్ ప్రజా భద్రత దృష్ట్యా గాని, రోడ్డు లేదా వంతెన స్వభావం దృష్ట్యా గాని వేగ పరిమితులు విధించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి కల్పించింది. నిర్దిష్ట మార్గాల్లో కొన్ని తరగతుల వాహనాలను నిషేధించేందుకు, నియంత్రించేందుకు 115వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. అధిక లోడు ఉన్నట్లు అనుమానం కలిగితే వాహనాన్ని తూకానికి పంపే అధికారం 114వ సెక్షన్ కింద ఉంది. వాహనం వెళ్లే దిశలో 10 కిలోమీటర్ల లోపు, లేదా గమ్యస్థానానికి 20 కిలోమీటర్ల లోపు ఉన్న వేబ్రిడ్జికి దానిని తీసుకువెళ్లవలసిందిగా అధికారి ఆదేశించవచ్చు.

2019లో సవరించిన 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు రూ.20,000 జరిమానాతో పాటు అదనంగా ఉన్న ప్రతి టన్నుకు రూ.2,000 చెల్లించాలి. అదనపు సరకును దింపే వరకు వాహనం కదలరాదు. తూకానికి నిరాకరిస్తే జరిమానా రూ.40,000. బాధ్యత డ్రైవరుతోనే ముగియదు. యజమానికి తెలిసే, లేదా అతని ఆదేశం మేరకే నేరం జరిగినట్లు న్యాయస్థానం భావించవచ్చునని 113వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. 183వ సెక్షన్ కింద అతివేగానికి తేలికపాటి వాహనాలకు రూ.1,000 నుంచి రూ.2,000 వరకు, మధ్యతరహా, భారీ వాహనాలకు రూ.2,000 నుంచి రూ.4,000 వరకు జరిమానా ఉంది.

ప్రకాశం బ్యారేజీ, గోదావరి వంతెనల అనుభవం

విజయవాడ వద్ద 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ ప్రధానంగా సాగునీటి కట్టడం. కృష్ణా డెల్టాలో 12 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టుకు అదే ఆధారం. దానిపై ఉన్న రోడ్డు అదనపు సౌకర్యం మాత్రమే. బ్యారేజీపై భారీ వాహనాలను నిషేధించి, వాటిని జాతీయ రహదారిపై ఉన్న కనకదుర్గ వారధి మీదుగా పంపడం వెనుక ఉన్న ఉద్దేశం ఇదే. రోడ్డు కోసం కట్టడాన్ని పణంగా పెడితే నష్టపోయేది రైతాంగమే.

రాజమహేంద్రవరం వద్ద 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెన పరిస్థితి మరింత సున్నితమైనది. పైన రోడ్డు, కింద రైలు మార్గం ఉన్నందున రోడ్డు భాగంలో ఏ లోపం తలెత్తినా రైళ్లపైనా ప్రభావం పడే ప్రమాదం ఉంది. 2015 గోదావరి పుష్కరాల నాటికి కొవ్వూరు వైపు నుంచి నాలుగో వంతెన అందుబాటులోకి రావడంతో భారీ వాహనాలకు మరో దారి ఏర్పడింది. 2023లో పాత వంతెనను మరమ్మతుల కోసం తాత్కాలికంగా మూసివేసినప్పుడు వాహనాలను ఇతర మార్గాలకు మళ్లించడం సాధ్యమైంది. దారి చూపిన తర్వాత విధించిన ఆంక్ష నిలుస్తుందని, దారి చూపకుండా విధించిన ఆంక్షను రాత్రివేళ ఉల్లంఘించే వారు తప్పక ఉంటారని ఈ రెండు ఉదాహరణలు తెలియజేస్తున్నాయి.

సకాలంలో స్పందించకపోతే

2016 ఆగస్టు 2న మహారాష్ట్రలోని మహాడ్ వద్ద సావిత్రి నదిపై ఉన్న బ్రిటిష్ కాలపు వంతెన వరదలో కొట్టుకుపోయి, ప్రయాణికులతో వెళుతున్న బస్సులు నదిలో పడిపోయాయి. 2025 జులై 9న గుజరాత్‌లో మహీ నదిపై 1985లో నిర్మించిన గంభీరా వంతెనలో కొంత భాగం కూలి, దానిపై ఉన్న వాహనాలు నదిలో పడ్డాయి. వంతెన కూలిన తర్వాత చేసే మళ్లింపు ప్రాణాలను తిరిగి తీసుకురాదు. వరద ఉధృతి పెరిగినప్పుడు గాని, తనిఖీలో లోపం బయటపడినప్పుడు గాని రాకపోకలను తక్షణం నిలిపివేసే నిర్ణయం తీసుకోవడంలో జాప్యం తగదు.

యంత్రాంగం, పత్రికల పాత్ర

రహదారులు, పోలీసు, రవాణా శాఖల మధ్య సమన్వయం ఇందులో కీలకం. వంతెన సామర్థ్యాన్ని నిర్ధారించేది ఇంజనీర్లు, ఆంక్షలను అమలు చేసేది పోలీసు, రవాణా సిబ్బంది. బరువు తనిఖీ వంతెన మొదట్లో కాక, లారీ వెనుదిరగడానికి వీలున్న కూడలి వద్దే జరగాలి. హెచ్చరిక బోర్డులు కూడా అక్కడి నుంచే తెలుగులోనూ, ఇతర రాష్ట్రాల డ్రైవర్లకు అర్థమయ్యే భాషల్లోనూ ఉండాలి.

ఒక నెలకు మించని ఆంక్షలకు గెజిట్ ప్రకటన అవసరం లేదని, స్థానికంగా తగిన ప్రచారం కల్పించాలని 115వ సెక్షన్ పేర్కొంటోంది. కనుక తాత్కాలిక మళ్లింపు గురించి పత్రికల్లో వచ్చే వార్త కేవలం సమాచారం కాదు. చట్టం కోరిన ప్రచారంలో భాగం. ఏ వంతెనపై, ఏ వాహనాలకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆంక్ష, ప్రత్యామ్నాయ మార్గం ఏది, అదనపు దూరం ఎంత అన్న అయిదు అంశాలు అధికారుల ప్రకటనలోనూ, పత్రికల వార్తలోనూ తప్పనిసరిగా ఉండాలి. ఆ వివరాలు లారీ యజమానికి సరకు ఎక్కించక ముందే చేరితే, వంతెన వద్ద తగాదాలు, ట్రాఫిక్ స్తంభించడం చాలా వరకు తగ్గుతాయి.